ప్రింటరుకి పెట్టిన చుక్క

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆమె తెమ్మన్న ప్రింటరు ఇంకు సీసా నా బ్యాగులోనే ఉంది.

నూజివీడులో ఆమెది ఒంటిగది డీటీపీ షాపు. రెండు కంప్యూటర్లు. కొత్తదాని మీద కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, పాతదాని మీద పెళ్లికార్డులు, చర్చి పాటల కాగితాలు, ఎవరైనా పోతే ఆదరణ కూడిక కార్డులు. సీజన్లో మామిడి వ్యాపారులు ఇచ్చిన చిన్నరసాలు పాత సీపీయూ వేడికి ఆ పక్కనే మాగేవి.

ఆమె ఇష్టపడే గుండ్రటి తెలుగు అక్షరాలు ఆ పాత సాఫ్ట్‌వేరులో తప్ప ఇంకెక్కడా తెరుచుకోవు. పాత ప్రింటరు పాడైపోయి కొత్తది కొన్నాక, అది ఆ అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వేసిచ్చింది.

"కొత్త సాఫ్ట్‌వేర్ వేయించెయ్యత్తా" అన్నాను.

"వేయిస్తాను. ఇన్నేళ్ల పాటలన్నీ నువ్వు కూర్చుని మళ్లీ టైప్ చేస్తావా?"

నేను ఫోన్ చూసుకున్నాను.

తిప్పలు పడి దారి ఆమే కనిపెట్టింది. పాత కంప్యూటర్లో పేజీని పీడీఎఫ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో కొత్త కంప్యూటర్లోకి తెచ్చి, అక్షరాలుగా కాకుండా బొమ్మగా ప్రింట్ ఇచ్చేది. "దానికి తెలుగు రాదే. బొమ్మ అని చెప్పి పంపాలి" అనేది. నేను మధ్యమధ్యలో లేచి తిరుగుతుంటే, "కుదురుగా కూర్చో. ఆ కంప్యూటరుకీ ప్రింటరుకే పడి చావట్లేదు, మధ్యలో నువ్వొకత్తివా" అని కసిరేది.

అంత చేసినా పేజీలో చివరి వరుస ఎగిరిపోయేది. ఒక వ్యాపారి ఇంటి పెళ్లికార్డులో ఆహ్వానించేవాళ్ల పేర్లే పోయాయి.

"ఏంటండీ, పెళ్లికి పిలిచేది ఎవరంట?" అన్నాడాయన.

"మీ ఇంటి భోజనానికి ఎవరూ పిలవకపోయినా వస్తారు లెండి" అని నవ్వించి, మళ్లీ వేసిచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి పేజీ అడుగున, పేర్ల కింద, విడిగా ఒక చుక్క పెట్టేది. "దాని నోటికీ ఏదో ఒకటి పెట్టాలి కదా. చుక్క తిని పేర్లు వదిలేస్తుంది."

ఇంకో అలవాటు. కాగితం బయటికొస్తుంటే అరచెయ్యి కింద పట్టేది. "మనిషి పేరున్న కాగితం కింద పడకూడదు" అనేది. ఉద్యోగాలు మారిన ప్రతిసారీ నా రెజ్యూమె ఆ చేతిలోనే పడింది. ఎందుకు మానేశావని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు నాన్న షాపు తెరిచాడు.

"అక్క కార్డు అక్క అక్షరాల్లోనే రావాలమ్మా. ఊరందరికీ ఆ అక్షరాల్లోనే వేసింది."

కూడిక ఆ సాయంత్రమే. ఆమె తెమ్మన్న ఇంకు పోశాను. మొదట డబ్బాలే వచ్చాయి. బొమ్మగా పంపితే అక్షరాలు వచ్చాయి గానీ, చివరి వరుస లేదు. అందులో ఉన్నది నాన్న పేరు, తమ్ముడిగా. మళ్లీ పంపాను, మళ్లీ లేదు. పోనీ బయట వేయించేద్దామా అన్నాను. నా వెనక నిలబడ్డ నాన్న మెల్లగా అడిగాడు.

"చుక్క పెట్టావా?"

పాత కంప్యూటర్ ముందుకెళ్లి కూర్చుని, పేర్ల కింద చుక్క పెట్టాను.

ప్రింటరు కదిలింది. ముందు ఆమె పేరు బయటికొచ్చింది, తర్వాత మిగతాదంతా, చివరికి నాన్న పేరు. చుక్క రాలేదు. నాన్న అప్పటికే వంగి ప్రింటరు కింద అరచెయ్యి పట్టాడు. కార్డులన్నీ అయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.