పొయ్యి దగ్గర వంతు

మా అన్నయ్య పోయి నెల మాసికం కూడా అయ్యాక, అతని ట్రంకు పెట్టెలో ఒక లాంగ్ నోట్‌బుక్ దొరికింది. అట్ట మీద అతని చేతిరాతతో ‘ఫిన్లాండు బ్రిగేడు’ అని ఉంది. పదకొండు పేజీలే నిండాయి. ఆ బ్రిగేడు గురించి నన్ను రాయమని రెండేళ్ళు అడిగాడు. నేను రాయలేదు.

అన్నయ్య సైన్యంలో హవల్దారు. చివరి ఏళ్ళన్నీ శిక్షణ కేంద్రంలోనే గడిచాయి. మధ్యలో శాంతి దళంతో లెబనాన్ వెళ్ళినప్పుడు ఆ బ్రిగేడులో పనిచేసే ఫిన్లాండు సార్జెంటు ఒకాయనతో స్నేహం కుదిరింది. ఇద్దరిదీ ఒకే పని, కొత్తగా వచ్చినవాళ్ళని సైనికులుగా తయారు చేయడం. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రమే. రిటైరై తిరువూరు వచ్చేశాక కూడా ఫోన్లో ఫొటోలు పంపుకునేవారు. అన్నయ్య తెల్లవారుజామున పొగమంచులో మామిడి పూతని తీసి పంపితే, ఆయన తమ అడవిలో కురిసిన మంచుని పంపేవాడు. కళ్ళద్దాలు లేకుండా చూస్తే ఏది ఏ దేశమో నాకు తెలిసేది కాదు.

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అందుకే అన్నయ్య నన్ను పట్టుకున్నాడు.

“ఒరే, ఇంత చదివావు. ఆ బ్రిగేడు గురించి తెలుగులో నాలుగు ముక్కలు రాయలేవా?”

“తిరువూర్లో ఎవడు చదువుతాడు అన్నయ్యా, ఫిన్లాండు బ్రిగేడు గురించి?”

“ఇప్పటిదాకా నువ్వు రాసినవి ఎవడు చదివాడేంటి?”

ఆలోచిస్తానన్నాను.

నోట్‌బుక్‌లో అన్నీ పొడి వాక్యాలు. ఆ బ్రిగేడు తూర్పు సరిహద్దుకి దగ్గరగా ఒక అడవిలో ఉంది. ఆ దేశంలో మగపిల్లలు కొంతకాలం సైన్యంలో పనిచేయాలి. ఆడపిల్లలు ఇష్టమైతే చేరవచ్చు. ఏడాదికి రెండు బ్యాచ్‌లు, నడి చలికాలంలో ఒకటి, ఎండాకాలంలో ఒకటి. ఆరు నెలలకో, తొమ్మిదికో, ఏడాదికో ఇళ్ళకి వెళ్ళిపోతారు. బస్సులు నడుపుకుంటారు, ఆవుల్ని చూసుకుంటారు, బడిలో పాఠాలు చెప్పుకుంటారు. దేశానికి అవసరం పడితే పిలుపు వస్తుంది, వస్తారు. ‘ఇలాంటి మనుషుల్ని తయారు చేసి ఇంటికి పంపడమే బ్రిగేడు పని’ అని రాసి, దాని కింద గీత గీశాడు.

బ్రిగేడుకి ఒక ప్రాంతం పేరుంది. రష్యాతో జరిగిన పాత యుద్ధం ముగిశాక ఆ ప్రాంతంలో చాలా భాగం సరిహద్దు అవతలికి పోయింది. అక్కడి జనం సామాను బళ్ళకెత్తుకుని ఇవతలికి వచ్చేశారు. రద్దయిన పాత రెజిమెంట్ల ఆనవాయితీలు బ్రిగేడు దగ్గర మిగిలాయి. ‘నేల పోయింది. ఆ పేరు ఏడాదికి రెండుసార్లు కొత్త పిల్లలకి చెబుతారు’ అని అన్నయ్య రాశాడు. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి తలెత్తాను. కిటికీ బయట కొబ్బరి చెట్టు, గోడ, గోడ మీద అన్నయ్య ఆరేసి వెళ్ళిన తువ్వాలు. దాన్ని ఎవరూ తీయలేదు.

పదకొండో పేజీ పొయ్యి గురించి. చలికాలం శిక్షణలో పదిమంది దాకా ఒకే గుడారంలో పడుకుంటారు. మధ్యలో కట్టెల పొయ్యి. ఎప్పుడూ ఒకరు మేలుకుని దాని ముందు కూర్చోవాలి. మంట ఆరకూడదు, నిప్పురవ్వ గుడ్డకి అంటుకోకూడదు. వంతు అయ్యాక తర్వాతి మనిషిని లేపాలి. ఆ మనిషి బూట్లేసుకుని పొయ్యి ముందు కూర్చునేదాకా మొదటివాడు పడుకోకూడదు. అంతటితో రాత ఆగిపోయింది.

ఆ పద్ధతిని అన్నయ్య తిరువూరు తెచ్చాడు. సైన్యం, పోలీసు ఉద్యోగాల పరుగు పరీక్షలకి తయారయ్యేవాళ్ళకి రోజూ తెల్లవారకముందే స్కూలు గ్రౌండులో శిక్షణ ఇచ్చేవాడు. బ్యాచ్‌లో ఒకరు విజిలు, స్టాప్ వాచీ పట్టుకుని సిమెంటు బెంచీ మీద కూర్చోవాలి. తర్వాతి మనిషి వచ్చి కూర్చునేదాకా లేవకూడదు.

కిందటేడు రెడ్డిగూడెం వైపు ఒక మామిడి తోటలో క్యాంపు పెట్టాడు. ఆడపిల్లలు చీకటి పడేలోపు ఇళ్ళకి చేరాలి కాబట్టి, ‘రాత్రి’ని మధ్యాహ్నం రెండింటికి పెట్టాడు. టార్పాలిన్ గుడారం, లోపల నూనె డబ్బాతో చేసిన పొయ్యి. పావుగంటలో అందరూ బయటికొచ్చి చెట్ల కింద పడి నిద్రపోయారు. వంతు ఉన్న అమ్మాయి ఒక్కతే లోపల చెమటలు కక్కుతూ పుల్లలు ఎగదోస్తోంది.

తోట కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు. “ఇదేం చోద్యమండీ, ఈ ఎండలో చలి కాగుతున్నారా?”

“చలి లేకపోవడం నా తప్పా ఏంటయ్యా?” అన్నాడట అన్నయ్య.

ఆ అమ్మాయే మొన్న జనవరిలో మా ఇంటికి వచ్చింది. బస్టాండు వెనక ఆటోలు బాగుచేసే మెకానిక్ కూతురు. ఆయన గేటు దగ్గర ఆటోలోనే ఉన్నాడు.

“సార్, మీరు గ్రౌండుకి రావాలండి.”

“నేనొచ్చి ఏం చేస్తానమ్మా? నాకు నడిస్తేనే ఆయాసం.”

“మీరు పరిగెత్తక్కర్లేదండి. పెద్దవాళ్ళు ఎవరో ఒకరు కూర్చుంటేనే పంపిస్తానంటున్నాడు మా అబ్బా. ఇంకో ఇద్దరమ్మాయిల ఇళ్ళల్లోనూ అదే మాట. వచ్చే నెల్లోనే నా పరుగు పరీక్ష. ఇప్పటికే నెల దాటింది, పరిగెత్తి.”

ఆమె తండ్రి ఆటో దిగి వచ్చాడు. “తప్పుగా అనుకోకండి సార్. చీకటితోనే పంపాలి కదా. పెద్ద సారున్నన్నాళ్ళూ ధైర్యంగా ఉండేది. నేను కూర్చుందామంటే ఆరింటికల్లా షెడ్డు తీయాలి.”

“ఆలోచించి చెబుతాను” అన్నాను. చేయను అనడానికి ఎన్నో ఏళ్ళుగా నేను వాడే మాట అది. అన్నయ్యకీ అదే చెప్పాను.

అమ్మాయి కదల్లేదు. చున్నీ కొసకి కట్టుకున్న ముడి విప్పి విజిలు చూపించింది.

“సారు పోయిన రోజు వంతు నాదండి. తర్వాత ఎవరూ వచ్చి కూర్చోలేదు. అందుకే ఇది నా దగ్గరే ఉంది.”

“ఇక్కడ పెట్టి వెళ్ళమ్మా.”

“అలా పెట్టకూడదండి. కూర్చున్నవాళ్ళకే ఇవ్వాలి.”

నెలపైగా ఆ పిల్ల తన వంతులోనే ఉంది. అప్పటిదాకా అన్నయ్య కోసం దుఃఖపడుతున్నది నేనొక్కడినే అనుకున్నాను. “రేపొస్తాను” అన్నాను.

తెల్లారి నేను వెళ్ళేసరికి గ్రౌండంతా పొగమంచు. గోల్ పోస్టు లేదు, స్కూలు లేదు. బెంచీ ఒక్కటే కనిపిస్తోంది. దాని మీద ఆమె కూర్చుని ఉంది. అన్నయ్య ఫొటోల్లోని అడవిలోకి నడిచి వచ్చినట్టనిపించింది. ఆ తెలుపులోంచి అతను కూడా నడిచి వస్తాడేమోనని కాసేపు చూశాను. ఆ సార్జెంటుకి కబురు చెప్పాలని అప్పుడే గుర్తొచ్చింది.

నేను పక్కన కూర్చున్నాను. ఆమె లేవలేదు. నా పాదాల వంక చూసింది.

“చెప్పులతో కుదరదండి. బూట్లు.”

“నిజంగానా?”

“సారు ఊరుకునేవారు కాదండి.”

ఇంటికి వెళ్ళి అన్నయ్య కాన్వాసు బూట్లు వేసుకొచ్చాను. ఒక సైజు పెద్దవి. నేను వచ్చేసరికి మిగతా ఇద్దరమ్మాయిలు బెంచీ దగ్గర నిలబడి నవ్వు ఆపుకుంటున్నారు. నేను కూర్చుని లేసులు బిగించి కట్టేదాకా చూసి, అప్పుడు ఆమె లేచింది. విజిలు, వాచీ నా చేతిలో పెట్టి మంచులోకి పరిగెత్తింది. వాళ్ళిద్దరూ ఆమె వెనకే వెళ్ళారు. కాసేపు అడుగుల చప్పుడే వినిపించింది. తర్వాత అదీ లేదు. చాలాసేపటికి అవతలి వైపు నుంచి మళ్ళీ మెల్లగా మొదలైంది.

ఆమె రొప్పుతూ బెంచీ ముందు ఆగింది. “టైమెంతండీ?”

వాచీ నొక్కడం మర్చిపోయాను. ఆ సంగతే చెప్పాను.

ఆమె నడుం మీద చేతులు వేసుకుని నన్ను చూసింది. “అయితే మళ్ళీ పరిగెత్తాలా సార్?”

“పరిగెత్తమ్మా. నేనిక్కడే ఉంటాను.”