కన్నియమ్మ మొక్కు, దొర జుట్టు

తిరుత్తణి కొండకు కూతవేటు దూరంలో వేరుశనగ వేసుకుని బతికే కన్నియమ్మకు, దేవుడితో బేరమాడడంలో ఊళ్ళో సాటివచ్చేవాళ్ళు లేరు. బోరులో నీళ్ళు పడాలన్నా, ఆవు సుఖంగా ఈనాలన్నా కొండవైపు తిరిగి "మురుగా, నీకు మొట్ట" అనేస్తుంది. మొట్ట అంటే గుండు. ఎవరి గుండో మాత్రం చెప్పదు. పని జరిగాక తీరిగ్గా చుట్టూ చూసి ఒక తలను ఎంచుకుంటుంది. అలా మొగుడు వేలాయుధం మూడుసార్లు, తమ్ముడు గుణ రెండుసార్లు బోడితలలతో తిరిగారు. గుణకు రెండోసారి గుండు పడింది పెళ్ళిచూపులకు నాలుగు రోజుల ముందు. ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ అన్నం ముందు నుంచి లేచిపోతాడు.

కన్నియమ్మ తల మాత్రం భద్రంగా ఉంది. యాభై దాటినా మోకాళ్ళ దాకా జడ. తలంటుకున్న రోజు అది ఆరేదాకా వీధి అరుగు మీదే కూర్చుంటుంది. లోపలా ఆరుతుంది గాని, లోపల చూసేవాళ్ళెవరు?

ఆ ఇంటికి దొర వచ్చాడు. దొర అంటే కుక్క. తెచ్చింది తిరునిన్రవూరు గోపాలన్. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఆయనకు కన్నియమ్మ చేను పక్కనే మామిడితోట ఉంది. ఇంటిమీద మేడ వేయిస్తూ, ఆ సిమెంటు దుమ్ములో ఉంచలేక కుక్కను రెండు నెలలకు ఆమెకు అప్పగించాడు. అప్పగింతలు మాత్రం ఆడపిల్లను అత్తారింటికి పంపినట్టే చేశాడు.

దాని జాతి సీలీహాం టెరియర్. వేల్స్ దేశంలో ఒక మిలిటరీ కెప్టెన్ ఏళ్ళ తరబడి జాతులు కలిపి తయారు చేశాడట. బొరియల్లో దూరి నీటికుక్కలను తరమాలి కాబట్టి పొట్టి కాళ్ళు. బురదలో వేటకుక్కలు దీన్నే వేట అనుకోకూడదు కాబట్టి తెల్ల రంగు. ఒకప్పుడు గొప్పవాళ్ళ ఇళ్ళలో తిరిగిన కుక్కకు ఇప్పుడు పుట్టిన దేశంలోనే కరువు. ఏడాదికి వంద పిల్లలు పుడితే సంబరమేనని గోపాలన్ చెప్పాడు.

"అంత చరిత్ర ఉండాది, కాళ్ళేమో జానెడు కూడా లేవే సార్" అంది కన్నియమ్మ.

గోపాలన్ నవ్వలేదు. "రెండు మాటలు గుర్తు పెట్టుకోమ్మా. బొరియ దగ్గరికి పోనీకు. జుట్టుకు కత్తెర తగలనీకు. ముదిరిన వెంట్రుకలు నేనే వేళ్ళతో పీకుతా. ఒకసారి గొరిగితే మళ్ళీ ఆ గరుకు రాదు, మదరాసులో జరిగే కుక్కల షోకి పనికిరాదు. అప్పురం ఇంక నువ్వే ఉంచుకోవాల్సిందే."

ఆ చివరి మాట కన్నియమ్మ చెవిలో ఉండిపోయింది.

దొర గడ్డం, మీసం, కళ్ళమీద పడే జుట్టు చూస్తే పెన్షను తీసుకునే పెద్దమనిషే. మొరిగితే గేదెంత కుక్క ఉందనుకుని పాలవాడు వీధి చివరే ఆగేవాడు. పిలిస్తే తిరిగి చూసి, విన్నానని తెలియజేసి, తన దారిన పోయేవాడు. నెల తిరిగేసరికి కన్నియమ్మ మొగుడి కంటే ముందు కుక్కకు పెరుగన్నం కలపసాగింది. మళ్ళీ పంపాలన్న మాట తలుచుకుంటే ఆమెకు ముద్ద దిగేది కాదు.

షో ఆదివారం. ఆ ముందటి బుధవారం పొద్దున మోటారు షెడ్డు పక్క గట్టులో ఉన్న పందికొక్కు బొరియలోకి దొర దూరాడు. మధ్యాహ్నమైనా రాలేదు. వేలాయుధం, గుణ గడ్డపారలతో తవ్వారు. మొదట లోపలినుంచి మొరుగు వినిపించింది, తరవాత అదీ ఆగిపోయింది. కన్నియమ్మ మట్టిలో కూలబడి కొండవైపు చేతులెత్తింది.

"మురుగా, నా బిడ్డ బయటపడితే నీకు మొట్ట."

గడ్డపార పట్టుకున్న ఇద్దరూ ఒకేసారి తల తడుముకున్నారు.

ఇంకో గంటకు దొర వెనకడుగులు వేస్తూ బయటికొచ్చాడు. నోట్లో తనంత పందికొక్కు. ఒంటిమీద తెలుపన్నది లేదు. కన్నియమ్మ అతన్ని ఒళ్ళో వేసుకుని ఏడ్చి, ముక్కు చీది, చుట్టూ చూసింది.

"నన్ను చూడొద్దు అక్కా. నా తల దేవుడికి బాకీ లేదు" అన్నాడు గుణ.

"నిన్నెవరు అడిగినారు? కాపాడింది ఎవర్ని? వాని జుట్టే వాడు ఇచ్చుకుంటాడు."

ఆ మాట అన్నాక ఆమె కళ్ళు ఎందుకు మెరిశాయో వేలాయుధానికి తెలుసు. మొక్కూ తీరుతుంది, కుక్కా మిగులుతుంది.

శుక్రవారం దొరకు స్నానం చేయించి, ఆటోలో కొండ కింద పళని ఇంటికి తీసుకుపోయింది. కొండమీద గుడి దగ్గర గుండ్లు కొట్టే మంగలి పళని. కుక్కను గుడిలోకి రానివ్వరు కాబట్టి కిందే గొరిగించి జుట్టు పైకి తీసుకుపోవాలని ఆమె లెక్క. పళని విచిత్రంగా చూసినా, అలవాటు కొద్దీ నడినెత్తిన నీళ్ళు చల్లి కత్తి తీశాడు.

దొర మళ్ళీ స్నానమనుకున్నాడు. కళ్ళు మూసుకుని కన్నియమ్మ పాదం మీద గడ్డం ఆనించాడు.

ఇంతవరకు ఆమె గుండు చేయించిన తలలన్నీ తిట్టాయి, గొణిగాయి, అలిగాయి. ఇది మాత్రం నమ్మి కూర్చుంది. తను చేస్తున్నది మొక్కు కాదని, గోపాలన్ కుక్కను దొంగిలించడమని ఆమెకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

"ఉండు పళనీ. వాణ్ణి మీ ఇంట్లో కట్టేయి. పైకి పోదాం పా."

"పైన ఎవరున్నారు?"

"నేనుండా గదా" అంటూ జడ విప్పుకుంది.

గుండునిండా చందనంతో మెట్లు దిగి వచ్చిన ఆమెను చూసి, దొర ఎవరో దొంగ వచ్చినట్టు వీధి అదిరేలా మొరిగాడు. "నేనురా" అన్నాక దగ్గరకొచ్చి వాసన చూసి, చందనం నాకడం మొదలెట్టాడు. కన్నియమ్మ ఆటోలో దారి పొడుగునా ఏడ్చింది. జుట్టుకోసమో కుక్కకోసమో ఆమె విడదీసి చూసుకోలేదు.

శనివారం గోపాలన్ కారులో వచ్చాడు. తెల్లగా మెరుస్తున్న దొరను అటూ ఇటూ తిప్పి చూసి తృప్తిపడ్డాడు. అప్పుడు ఆమె తల చూశాడు.

"ఏమ్మా, ఏం వేండుదల? దేనికి మొక్కుకున్నావు?"

బొరియ సంగతి చెప్తే ఆయన మళ్ళీ ఈ గడప తొక్కడు. "మా ఆయనకు ఒంట్లో బాగలేదు సార్. దమ్ము, ఒకటే ఆయాసం" అంది.

ఎరువు మూట భుజానికెత్తుకుని పోతున్న వేలాయుధం ఆగాడు. మూట దించి, గోడ పట్టుకుని దగ్గాడు. బాగానే దగ్గాడు.

గోపాలన్ ముఖం చిన్నబోయింది. "అయ్యో. మేడ పైన పని ఇంకా ఆరు నెలలు పట్టేటట్టుంది. షో అయినాక దొరను మళ్ళీ ఇక్కడే వదలాలనుకున్నానమ్మా. మనిషికి బాగలేని ఇంట్లో ఎట్ల వదిలేది?"

దగ్గు ఆగిపోయింది. వేలాయుధం వంగి మూటను ఒక్క ఊపున భుజానికెత్తి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"నయమైపోయినాది సార్" అంది కన్నియమ్మ. "ఆదివారం సాయంకాలమే తీసుకొచ్చేయండి."