యూసుఫ్ భాయ్ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోసి మోసి విసుగొచ్చింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాకు పాత రికార్డుల పిచ్చి. మారేడ్‌పల్లిలో ఒక మిత్రుడి ఇంట్లో ప్రతి ఆదివారం పొద్దున ఆరేడుగురం కూర్చుని వింటాం. పాట వినిపించే పెట్టెలు ఎవరివి వాళ్లమే కట్టుకుంటాం. నేను గాజు వాల్వులతో, రికార్డు స్వరాన్ని పెంచే ప్రీయాంప్ ఒకటి కట్టాను. దానికి కరెంటు అందించే ట్రాన్స్‌ఫార్మర్ యూసుఫ్ భాయ్ చేతిపని. మల్కాజ్‌గిరిలో ఆయనది ఒక్క గది దుకాణం. వెంట్రుకంత రాగి తీగను వేల చుట్లు చుట్టేవాడు. చుట్టేటప్పుడు ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. మధ్యలో లెక్క మీద అనుమానమొస్తే మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఏడేళ్ల కిందట ఒక ఆదివారం అందరి ముందు దాని స్విచ్ వేశాను. పాట కంటే ముందు గుంయ్‌మని మోత. వాల్వులు మార్చాను, ఎర్తు తీగ మార్చాను. తగ్గలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. లోపం ట్రాన్స్‌ఫార్మర్‌లోనే ఉందని అనేశాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. యూసుఫ్ భాయ్ అక్కడే, తలుపు పక్కన కుర్చీలో ఉన్నాడు. దాన్ని విప్పించుకుని, సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పటికి నాకు నిజంగా తెలియదు. అంతవరకు నన్ను నేను క్షమించుకోగలను. బుధవారానికి తెలిసింది. పాడైన రేడియోలోంచి తీసిన వేరే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి చూస్తే అదే మోత. అనుమానమొచ్చి, కరెంటును వడగట్టే కండెన్సర్‌కు జతగా కొత్తది ఒకటి తగిలించాను. మోత ఆగిపోయింది. లోపం నేను మొదట పెట్టిన కండెన్సర్‌దే. అది ఇరవై ఏళ్లు బీరువాలో దాచుకున్న విదేశీ సరుకు. పాతదైతేనే స్వరం బాగుంటుందని మావాళ్లందరికీ పాఠాలు చెప్పింది నేనే. వాడకుండా దాచితే అది లోపల ఎండిపోతుందని తెలియనివాణ్ని కూడా కాదు.

ఫోన్ చేతిలోనే ఉంది. ఆయన ఆ సమయానికి చుట్టిందంతా విప్పుతూ ఉంటాడని తెలుసు. ఎందుకు చేయలేదు? నవ్వుతారనా? నవ్వితే ఏం పోతుంది? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, నలుగురి ముందు చిన్నబోవడం ఇష్టం లేకపోవడం తప్ప ఇంకో కారణం దొరకలేదు. కొత్త కండెన్సర్ గుట్టుగా అతికించి, పాతది చెత్తలో పడేశాను.

తరువాతి ఆదివారం ఆయన మళ్లీ చుట్టి తెచ్చాడు. బిగించాం. మోత లేదు. అందరూ ఆయన భుజం తట్టారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"చూస్తివా అన్నా, తప్పు నాదే," అన్నాడు యూసుఫ్ భాయ్. "యాడనో లెక్క తప్పిన. కండ్లు సుత మునుపటి తీరు లేవు."

"అట్లేం లేదు భాయ్."

"నువ్వు చెప్పినవ్ కాబట్టి తెలిసింది. లేకుంటే ఇంకెంతమందికి ఖరాబ్ మాల్ ఇస్తుంటినో. ఇగ బంద్ చేస్తా."

నిజం నోటిదాకా వచ్చింది. "చాయ్ తాగుదాం, కూసో భాయ్," అన్నాను.

అన్నట్టే బంద్ చేశాడు. ఇప్పుడు అల్లుడి దుకాణంలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. పోయిన నెల మా మిత్రుడొకడు నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లి, ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి పెట్టమని బతిమాలాడు. ఆయన నవ్వి నా వైపు చెయ్యి చూపించాడు. "అన్నకు ఎరుకే, నా చెయ్యి ఖరాబైంది," అన్నాడు.

నేను అవునన్నట్టు తల ఊపాను.

ఇంటికొచ్చాక ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. మొదటిసారి తెలియక అన్నాను, రెండోసారి పిరికితనంతో ఊరుకున్నాను, మరి ఈసారి? ఈసారికి పేరేమిటో నాకు తెలియడం లేదు.

యూసుఫ్ భాయ్ చెయ్యి ఖరాబు కాలేదు. మొదటి ట్రాన్స్‌ఫార్మర్ కూడా మంచిదే. ఇది ఆయన ఎదుట నిలబడి చెప్పాల్సిన మాట, మీకు చెబుతున్నాను. ఇది చాలదని తెలుసు. అయినా చెప్పాక కాస్త ఊపిరి ఆడుతోంది.