చెరలో ఉన్నవాళ్ళు ఇళ్ళకు వచ్చారా?

పోయిన వారం చౌక్తడా పేటలో బస్సు దిగి కోర్టు పక్క సందులోంచి నడుస్తుంటే, నేను చదువుకున్న బడి మేడకు వెదుళ్ళు కట్టి రంగు వేస్తున్నారు. రెండో అంతస్తు కిటికీలు చూస్తూ, సామాను బండివాడు తప్పుకోమని అరిచేదాకా అక్కడే నిలబడిపోయాను. ఆ గదిలోనే మా చరిత్ర పంతులమ్మ, మేమంతా సయామ అని పిలిచే బర్మా ఆవిడ, ఒక ఫ్రెంచి ప్రభువు కథ చెప్పింది. ఆయన పేరు నాకు అప్పుడే నోరు తిరగలేదు, ఇప్పుడు గుర్తే లేదు. ఆయన చేసిన పని మాత్రం మరపు రాలేదు.

ఏడొందల ఏళ్ళ పైమాట. ఆ ప్రభువు పడుచు వయసులో తన రాజు వెంట సముద్రం దాటి యుద్ధానికి వెళ్ళి, ఓడిపోయి, రాజుతో పాటే శత్రువులకు చిక్కాడు. సొమ్ము కట్టి రాజూ పెద్దలూ బయటపడ్డారు గానీ, మామూలు సైనికులు ఎందరో చెరలోనే ఉండిపోయారు. ఇంటికి పోదామా, ఆగుదామా అని రాజు సభ పెడితే, దాదాపు అందరూ పోదామన్నారు. ఈయన మాత్రం లేచి, మనం వెళ్ళిపోతే వాళ్ళిక ఎన్నటికీ ఇల్లు చూడరు, ఆగుదాం అన్నాడు. ఆ పూట భోజనాల దగ్గర రాజు ఆయనతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఆ ప్రభువు దిగులుగా కిటికీ దగ్గర నిలబడి ఉంటే, ఎవరో వెనకనుంచి వచ్చి రెండు చేతులూ ఆయన తల మీద ఆనించారట. వేలి ఉంగరం చూసి రాజని పోల్చుకున్నాడట. నువ్వన్నట్టే ఆగిపోతున్నాను అన్నాడట రాజు. అది చెబుతూ సయామ తన చేతులు ముందు బెంచీ పిల్ల తల మీద పెడితే, మేమంతా బెంచీల మీంచి లేచి చూశాం.

బర్మాలో బతుకు కుదరక మన తెలుగువాళ్ళు ఇండియా ఓడల కోసం మూటలు కట్టుకుంటున్న రోజులవి, మీకూ గుర్తుండే ఉంటుంది. మా నాన్న సేక్కాన్ రేవులో కూలీల మేస్త్రి. అన్నం తింటూ ఈ కథంతా నా నోట విని, చేయి కంచంలోనే ఆపి అడిగాడు.

“మరా సెరలో ఉన్నోళ్ళు ఇళ్ళకొచ్చీసారేటమ్మా? రేపు అడిగి రా.”

చాలామంది వచ్చారు, అందరూ రాలేదు అంది సయామ. నాన్నకు అదే చెప్పాను.

ఆ ఆదివారం గుడి వసారాలో మనవాళ్ళంతా కూర్చుని, వచ్చే ఓడకే వెళ్ళిపోదామని తేల్చారు. అందరికన్నా ముందు మాట్లాడినవాడు మా పెదనాన్నే. అప్పుడు నాన్న లేచాడు.

“ఓడెక్కే కాయితాల్లేక నా కూలోళ్ళు ఇంకా ఒడ్డునే ఉన్నారన్నియ్యా. ఆళ్ళని ఊర్నించి తెచ్చినోణ్ణి నాను. ఆళ్ళెక్కినాకే నాను.”

“నీకేటి మతి పోనాదేటిరా?” అన్నాడు పెదనాన్న. అంతే, మళ్ళీ ఆ అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. అమ్మ ఇంటికొచ్చి, సర్దిన పెట్టె తెరిచి, అన్నం గిన్నె తీసి పొయ్యి మీద పెట్టింది.

పెదనాన్న వెళ్ళే రోజున ఆయన పెట్టెను నాన్నే భుజాన మోసి ఓడ ఎక్కించాడు. తరువాత తన కూలీలను వెంటబెట్టుకుని కాయితాల కోసం ఆఫీసు వరండాల్లో పడిగాపులు కాశాడు. చాలామంది ఓడలెక్కారు, కొందరు కాయితాలు రాకుండానే కన్నుమూశారు, కొందరు విసిగి ట్వంటే ఊరి వైపు పొలాల్లో కుదురుకున్నారు. తీరా మా వంతు వచ్చేసరికి ఓడలు ఆగిపోయాయి. అమ్మ పండగ పూట కళ్ళు తుడుచుకోవడం చూశాను గానీ, నాన్న నొచ్చుకోవడం ఏనాడూ చూడలేదు. ఎక్కడో పరాయి దేశపు సభలో ఎవరో అన్న మాట, ఇన్ని వందల ఏళ్ళు దాటి, సయామ బర్మా భాషలోంచి నా తెలుగులోకి దిగి, మా నాన్న కంచం దగ్గరికి ఎలా వచ్చిందో తలుచుకుంటే నాకు ఈ వయసులోనూ అబ్బురమే.

ఇప్పుడూ మనవాళ్ళు వెళుతూనే ఉన్నారు, బ్యాంకాక్ అనీ సింగపూర్ అనీ. ఎవరికి వారే చెప్పకుండా పోతే, తలుపుకు తాళం చూశాకే మాకు తెలుస్తోంది. తప్పు పట్టను, ఎవరి కష్టం వారిది. కానీ పదిమంది ముందు లేచి నేను రానని ఒకరు అనాలంటే, ముందు ఆ పదిమందీ ఒకచోట కూర్చోవాలి కదా!