శుక్రవారాల మరక

ఆటోనగర్ రేకుల షెడ్డులో ఎల్లారావు చేసే పని ఒక్కటే. పాత కార్ల మీద వెలిసిపోయిన లోగోలు తీసి కొత్తవి అతికిస్తాడు. పొద్దున్నుంచీ వంగి వంగి నడుము పట్టేస్తుంది. కొత్తది మెరుస్తుంటే నిలబడి చూసే ఓపిక కూడా మిగలదు. హెయిర్ డ్రయ్యరుతో జిగురు వేడెక్కించి, బందరు వైపు తన ఊళ్లో వలలకు వాడే నైలాన్ దారాన్ని లోగో వెనక దూర్చి, రంపంలా అటూ ఇటూ లాగుతాడు. అరిగిన తీరు చూసి అది ఎలాంటి ఇంటి కారో చెప్పేస్తాడు.

ఒకరోజు మధ్యాహ్నం పటమట నుంచి వెంకటసుబ్బారావు గారు తెచ్చిన కారుకు ముందు లోగో మీద మెరుపు పూత సరిగ్గా నడిమధ్యన పోయి, ఎర్రటి మరక మిగిలింది.

“ఇంట్లో అమ్మగారు శుక్రవారం శుక్రవారం బొట్టు పెడతారు కదండీ,” అన్నాడు ఎల్లారావు, దారం లాగుతూనే.

“మొన్న మాఘమాసం దాకా పెట్టిందయ్యా,” అన్నారాయన.

దారం ఆగింది. ఎల్లారావు మిగతాది మెల్లగా లాగి పాత లోగో ఊడదీశాడు. పెట్రోలు గుడ్డతో జిగురు తుడిచి, కొత్త లోగో అతికించాడు. అలవాటు కొద్దీ దేవుడి పటం దగ్గరున్న కుంకుమ భరిణె తెచ్చి పట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్లు ఆ బొట్టు చూస్తూ కారెక్కడమే తప్ప ఎన్నడూ తాను పెట్టని పెద్దాయన కుంకుమలో వేలు ముంచి, ఎక్కడ పెట్టాలో తెలియక ఎల్లారావు వంక చూశారు.