చిన్న గళ్ళ నేల

కొత్తింటికి ఏ సైజు టైల్స్ వేయించాలన్న దాని మీద మా ఇంట్లో వారాల తరబడి చర్చ జరిగింది. చర్చ అంటున్నాను గానీ, మాట్లాడింది మా ఆయన, ఊ కొట్టింది నేను. ఆయన మనసంతా రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడుగు ఉండే టైల్స్ మీద ఉంది. అవి అద్దంలా మెరుస్తాయి. వాళ్ళది తరతరాలుగా చెన్నై శివారు మాధవరంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. అక్కడ ఆయన అన్నదమ్ముల ఇళ్ళన్నిటిలో అవే ఉన్నాయి. తన వాటాకొచ్చిన స్థలంలో ఇల్లు కట్టుకుంటూ తానొక్కడే చిన్న టైల్స్ వేయిస్తే నలుగురిలో ఏం బాగుంటుందని ఆయన బాధ. పైగా జాయింట్లు తక్కువ, మురికి పట్టదు, హాలు పెద్దగా కనిపిస్తుంది. ఈ మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. తుడవడం తేలికైతే చాలనుకుని సరేనన్నాను.

అప్పటికి మేం ఉంటున్నది కోడంబాక్కంలో, నేను పుట్టి పెరిగిన అద్దె ఇంట్లోనే. పెళ్ళయ్యాక కూడా నేను ఆ ఇల్లు వదల్లేదు. అమ్మ పోయాక నాన్నను ఒంటరిగా ఉంచడం ఇష్టం లేక మా ఆయననే తీసుకొచ్చి అక్కడ పెట్టాను. ఇల్లరికం అని చుట్టాలు వెక్కిరిస్తే ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు ఓనరు ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతానన్నాడు. అందుకని ముగ్గురం మాధవరం వెళ్ళిపోవాలి.

ఆ ఇంటి నేల మొజాయిక్. అడుగు చదరం పలకలు, తెలుపులో నల్ల చుక్కలు, పలకకీ పలకకీ మధ్య నల్లటి గీత. ఆ నేల మీద నేను పాకాను, పడ్డాను, రాసుకునే పలక విరగ్గొట్టుకుని ఏడ్చాను. కానీ మా నాన్నకి అది నేల కాదు, ఆఫీసు.

నాన్న సినిమాల కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చాడు. చాలాకాలం గ్రూపులో చివరి వరసలో డాన్సు చేసి, ఆఖరికి ఒక డాన్స్ మాస్టరు దగ్గర అసిస్టెంటుగా కుదిరాడు. తెర మీద ఆయన పేరు పడటమే తక్కువ. పడినా మేం చదివేలోపే వెళ్ళిపోయేది. షూటింగ్ ముందు సాయంత్రాలు ఆయన హాల్లో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. పక్కన చింతపిక్కల డబ్బా ఉండేది. ఒక్కో పిక్క ఒక్కో డాన్సరు. పలకని ఆయన గడి అనేవాడు. గడికి ఒక మనిషి. ముందు వరసలో గడి వదిలి గడి, వెనక వరస ఆ ఖాళీల్లో కనపడేలాగా. పిక్కల్ని ఒక్కో గడీ జరుపుతూ, నోట్లోనే పాట కూనిరాగం తీస్తూ, రేపు సెట్లో ఎవరు ఎటు కదలాలో అక్కడే తేల్చేసేవాడు.

హీరోకి సోడా సీసా మూత. హీరోయిన్‌కి మాత్రం అమ్మ కుట్టుడబ్బాలోంచి తీసిన ఎర్ర గుండీ. మీ అమ్మ డబ్బాలోది కాబట్టి హీరోయిన్ మీ అమ్మే అని నాతో అనేవాడు, వంటింట్లోకి వినపడేలాగా. లోపల్నుంచి గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు వచ్చేది. హాలు నడిమధ్య గడి ఆ గుండీది. పాట ఏదైనా సరే, ఆ గడిలోకి ఇంకో పిక్క రాకూడదు.

పిక్కలు పరిచి ఉన్నంతసేపూ మేమంతా గోడవారగా నడవాలి. ఒకసారి అమ్మ చూసుకోకుండా చీపురుతో అంతా ఊడ్చేసింది. వెతగ్గా వెతగ్గా హీరో చెత్తబుట్టలో దొరికాడు. నాన్న కోప్పడలేదు. మూత కడిగి, తుడిచి, మళ్ళీ దాని గడిలో పెట్టి, వీడి మార్కెట్ ఇంత తొందరగా పడిపోతుందనుకోలేదు అన్నాడు. అమ్మ నవ్వాపుకోలేక చీపురు అక్కడే పడేసి లోపలికి వెళ్ళిపోయింది. అమ్మ నవ్వు తలుచుకుంటే నాకు ముందుగా ఆ రోజే గుర్తొస్తుంది.

బడి నుంచి రాగానే నన్ను కూడా గళ్ళలో నిలబెట్టేవాడు. గీత తొక్కకూడదు. ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్ అని లెక్క చెబుతుంటే ఎయిట్ తర్వాత కాలు లేవాలి. నాకు డాన్సు రాలేదు. నాన్నకి ఆ సంగతి నాకన్నా ముందే తెలుసు, అయినా ఎప్పుడూ అనలేదు. ఇప్పటికీ ఎక్కడ గళ్ళ నేల కనపడినా గీత తొక్కకుండా నడుస్తాను. ఆసుపత్రి వరండాలో అలా నడుస్తుంటే కాలు నొప్పా అని అడిగినవాళ్ళున్నారు.

కొన్నేళ్ళ కిందట నాన్నకి చెయ్యి వణకడం మొదలైంది. డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు. మందులు మొదలుపెట్టాం. ఇంట్లో బాగానే తిరిగేవాడు, కాస్త నెమ్మదిగా, అంతే. గేటు దాటి వీధిలోకి వస్తే మాత్రం తారు రోడ్డు చూసి అక్కడే ఆగిపోయేవాడు. బండ్లంటే భయం పట్టుకుందనుకున్నాం. ఏం కాదు రా నాన్నా అని నేను చెయ్యి పట్టుకుని లాగేదాన్ని. పోను పోను ఆయనే బయటికి రావడం మానేశాడు. వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకున్నాం.

టైల్స్ షాపుకి మాత్రం రావాల్సిందేనని మా ఆయన పట్టుబట్టాడు. ఇల్లు అందరిదీ కదా, మామ చూడకుండా ఎట్టా అన్నాడు. టాక్సీని సరిగ్గా షాపు మెట్టు దగ్గర ఆపించి, ఇద్దరం చెరో పక్కన పట్టుకుని గుమ్మం దాటించాం. దాటించి, సేల్స్‌మన్ పిలుస్తుంటే ముందుకెళ్ళాం. ఆ షాపు నేలంతా అవే పెద్ద టైల్స్. ఒకదానికొకటి ఎంత అతికించి పరిచారంటే, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో తెలియదు. పైనున్న లైట్లన్నీ కిందే వెలుగుతున్నాయి. సేల్స్‌మన్ పొగుడుతున్నాడు, మా ఆయన మురిసిపోతున్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే నాన్న గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా మీదే ఉన్నాడు.

"సూడు, మామ కండ్లు తిప్పుకోలేకుండా ఉండాడు" అన్నాడు మా ఆయన సంబరంగా.

నాన్న చూస్తున్నది గోడకి నిలబెట్టిన టైల్స్‌ని కాదు, నేలని. ఒళ్ళు ముందుకి వంగి ఉంది, కాళ్ళు మాత్రం మేకులు కొట్టినట్టు కదలడం లేదు. అదే మొహం నేను మా గేటు దగ్గర ఎన్నిసార్లో చూశాను. దగ్గరికెళ్ళి ఏమైందని అడిగాను. ఆయన అల్లుడి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"గడి కనపడట్లేదు అమ్మాయ్."

నాకు అర్థం కాలేదు. ఇంట్లో గీత ఉంటుంది కదా, గీత కనపడితే దాన్ని దాటడానికి కాలు దానంతటదే లేస్తుందని చెప్పాడు. గీత లేని చోట కాలు లేవమన్నా లేవదట. రోడ్డు మీదా అంతేనట. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, చెప్పి ఏం చేస్తాం, ఊరంతా గళ్ళు గీస్తామా అన్నాడు. తర్వాత అసలు మాట అన్నాడు.

"అల్లుడికి చెప్పకు. పాపం మోజు పడ్డాడు. పెద్దవే వేయించుకోండి. నేను నా గదిలో కూర్చుంటాలే."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. బతుకంతా జనాన్ని నడిపించిన మనిషి, కొత్తింట్లో గది దాటనని అంత తేలిగ్గా ఎలా అనేశాడు? ఆ పట్టా మీద నుంచి ఆయన్ని ఎత్తి తీసుకురావడం నాకిష్టం లేదు. చెప్పు విడిచి, నా పాదాన్ని ఆయన పాదాల ముందు అడ్డంగా పెట్టాను. ఇదే గీత, దాటు నాన్నా అన్నాను. మెల్లిగా ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్ అన్నాను. కాలు లేచింది. నా పాదాన్ని దాటింది. మళ్ళీ ముందుకి జరిగి అడ్డం పెట్టాను. మళ్ళీ దాటాడు. షాపులో వాళ్ళంతా తల తిప్పి చూస్తున్నారు, చూడనీ అనుకున్నాను. అలా కౌంటరు పక్కనున్న కుర్చీ దాకా వచ్చాం.

మా ఆయన అంతా చూశాడు. ముందుకి వంచి చూస్తున్న పెద్ద టైల్‌ని ఒకసారి అరచేత్తో నిమిరి, స్టాండుకి ఆనించేశాడు. అడుగుకి అడుగుండే వన్ బై వన్ టైల్స్ చూపించమన్నాడు. అవి కార్ పార్కింగ్‌కి, మిద్దె మీదకి వాడతారు, హాల్లో ఎవరూ వేయించరు సార్ అన్నాడు సేల్స్‌మన్. మేం వేయిస్తాం, లేత రంగు పలక, మధ్యలో నల్ల గీత బాగా కనపడాలి అన్నాడు మా ఆయన. నాన్న వద్దు వద్దంటూ లేవబోతే, వెళ్ళి ఆయన పక్కన నేల మీదే కూర్చున్నాడు.

"హాలు పెద్దదిగా కనపడకపోతే పోనీ మామా. మీరు దాంట్లో తిరగాల. అంతే."

నాన్న తల వంచుకుని తన వణికే చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. నేను బిల్లు చూసే నెపంతో అటు తిరిగాను.

గృహప్రవేశానికి మాధవరం చుట్టాలంతా వచ్చారు. అనుకున్నట్టే, పార్కింగ్ టైల్స్ ఎత్తుకొచ్చి హాల్లో ఏసినారే అని మా తోడికోడలు అంది. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది గానీ, మా ఆయన యాంటీ స్కిడ్ అదీ ఇదీ అని ఇంగ్లీషులో ఏదో చెప్పి ఆవిణ్ణి వంటింటి వైపు మళ్ళించాడు.

నాన్న కుడికాలు పెట్టి గడప దాటాడు. ఆగాడు. నేను వెనకే నిలబడ్డాను. ఆయన నేలని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు, పూర్వం పిక్కలు పరిచే ముందు చూసినట్టే. తర్వాత కదిలాడు. ఒక గీత, ఇంకో గీత, ఎవరూ పట్టుకోకుండా. హాలు మధ్యకి వచ్చాక ఉన్నట్టుండి పక్క గడిలోకి తిరిగి, చుట్టు తిరిగి, మళ్ళీ దారిలోకి వచ్చాడు. పడబోతున్నాడేమోనని మా ఆయన పరిగెత్తాడు.

తిన్నగా దారి ఉండగా అలా తిరిగావేంటి నాన్నా అని అడిగాను.

"అది మీ అమ్మ గడి కదా" అన్నాడు.

మా ఆయన కాలు ఒకటి ఆ గడిలోనే ఉంది. చూసుకుని పక్కకి జరిగాడు.