జామీను లేని భాష

కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్లే కాలంలో నేను ఉద్యోగస్తుణ్ణయ్యాను. అప్పట్లో కీబోర్డు మీద నాలుగు అక్షరాలు చూడకుండా కొట్టగలిగినవాడికి కాళ్లు నేల మీద ఆనేవి కావు. నావి అసలే ఆనలేదు. ఏన్కూరు నుంచి ఖమ్మం వెళ్లి ఆరు నెలల కోర్సు చేసి, సర్టిఫికెట్‌కు ప్లాస్టిక్ తొడుగు వేయించుకుని (ఆ తొడుగు ఇప్పటికీ నా దగ్గర ఉంది, లోపల సర్టిఫికెట్ మాత్రం లేదు) మణుగూరులో మా మేనమామ దగ్గర చేరాను. మామ బొగ్గు లారీల ఓనర్ల సంఘానికి ప్రెసిడెంట్. మూడు నెలల్లో పనికొచ్చే పని ఒక్కటి చేసి చూపిస్తే ఉంచుకుంటాననీ, లేకపోతే మిరపతోటకే పంపిస్తాననీ మొదటి రోజే తేల్చేశాడు. మా నాయన అప్పటికే బస్టాండులో కనిపించినవాళ్లందరికీ "మా పిలగాడు కంప్యూటర్ కొలువుల చేరిండు" అని చెప్పేశాడు కాబట్టి, ఆ తోటకు తిరిగి వెళ్లే మొహం నాకు లేదు.

సంఘంలో ముఖ్యమైన పని లోడుకు వచ్చిన లారీలకు వరస కట్టడం. దాన్ని సీరియల్ అనేవాళ్లు. ముందు వచ్చిన లారీకి ముందు లోడు. ఇందులో ఒక్క నంబరు తారుమారైతే తలలు పగిలేవి. ఇరవై ఏళ్లుగా ఆ సీరియల్‌ను నల్లబల్ల మీద ఒక పెద్దాయన రాసేవాడు. చాక్‌పీస్ తాత అనేవాళ్లం. ఒకప్పుడు డ్రైవరే, నడుం పట్టేసి స్టీరింగ్ వదిలాడు. నా కంప్యూటర్ రాగానే ఆయనకు పనుండదని నాకు అర్థమైంది, అర్థమైనదాన్ని దాచుకోవాలని మాత్రం తోచలేదు. "ఇగ నీకు రెస్టే తాతా" అన్నాను ఒకరోజు, ఏదో ఉపకారం చేస్తున్నట్టు. "మంచిదే బిడ్డా" అని ఆయన చేతుల సుద్ద దులుపుకున్నాడు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

సీరియల్ ప్రోగ్రాం అమ్ముతానని పట్నం నుంచి ఒక ఏజెంటు టై కట్టుకుని దిగాడు. ఎప్పుడు ఫోన్ చేసినా తమ మనిషి వచ్చి బాగుచేస్తాడన్నాడు. నేను ఊరుకుంటానా? పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీలో ఒక ప్రోగ్రామింగ్ భాష ఉందనీ, దేశదేశాల జనం కలిసి దాన్ని తయారుచేశారనీ, ఎవరైనా లోపలంతా విప్పి చూసుకోవచ్చనీ, దాంతో నేనే రాసిస్తాననీ చెప్పాను. మామ మీసం దువ్వుకున్నాడు.

"గంత మంచిగనే ఉన్నది అల్లుడా. రేపు గది ఆగిపోతే నేనెవరికి ఫోన్ చెయ్యాలె?"

"ఫోన్ లేదు మామా. మెయిల్ రాస్తే ఎవరో ఒకరు చెప్తరు."

"ఎవరో ఒకరంటే ఎవరు?"

"తెల్వదు."

"జామీను లేకుంట డ్రైవర్‌కు తాళంచెవి ఇస్తమారా మనం? తెలిసినోడొకడు వచ్చి ఫారం మీద సంతకం పెట్టాలె గద! నీ భాషకు జామీను ఎవరు?"

సంఘం నియమం అంతే. ఎంత పనిమంతుడైనా, ఎవరో ఒకరు పూచీ పడితేనే లారీ ఎక్కాలి. నేనూ ఆ నీళ్లే తాగుతున్నాను కదా, నాకూ అది సబబుగానే తోచింది. బస్సెక్కి కొత్తగూడెం వెళ్లి, ఇంటర్నెట్ ఉన్న ఎస్టీడీ బూత్‌లో కూర్చుని, ఆ భాష తయారుచేసినవాళ్లకు వినయంగా ఉత్తరం రాశాను: అయ్యా, మీలో ఎవరైనా ఒక పెద్దమనిషి జామీను సంతకం చేసి పంపగలరు. (ఆ ఉత్తరం చదివి ఎన్ని దేశాల్లో ఎంతమంది నవ్వుకున్నారో!) రెండు రోజులకు జవాబు వచ్చింది. ఎవరో పాపం మర్యాదగా ఆ భాష తాలూకు షరతుల కాగితం పంపాడు. అంతా పెద్దక్షరాల ఇంగ్లీషు. పెద్దక్షరాలుంటే అది గట్టి కాగితమే అయ్యుంటుందని చదవకుండానే ప్రింటు తీయించి, మామ చేతిలో పెట్టాను. మామ దాన్ని, బేరం తేలేదాకా ఊళ్లోనే మకాం వేసిన ఏజెంటుకిచ్చాడు. ఏజెంటు గొంతు సవరించుకున్నాడు.

"దీనికి ఏ విధమైన హామీ లేదు, ఏం జరిగినా మాకు సంబంధం లేదు అని రాశారండీ."

మామ నా వైపు చూశాడు. ఆ చూపులో నాకు మిరపతోట మొత్తం కనిపించింది. అప్పుడు నల్లబల్ల దగ్గర్నుంచి చాక్‌పీస్ తాత గొంతు వినిపించింది.

"నేను పెడ్త జామీను, ప్రెసిడెంట్ సాబ్."

"దాని సంగతి నీకేం తెలుసు తాతా?"

"దాని సంగతి నాకు తెల్వదు. ఆగిపోతే ఏం చెయ్యాల్నో తెలుసు. బోర్డు ఈడనే ఉండనియ్యుండ్రి, నేను రోజు రాస్తనే ఉంట."

ఫారం తెచ్చారు, ఆయన నింపి సంతకం పెట్టాడు. మామ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఏజెంటు టై వదులు చేసుకుని బస్సెక్కాడు.

నా ప్రోగ్రాం మొదటి రోజే పడకేసింది. ముందు ఎనిమిది లారీల నంబర్లతోనే పరీక్షించుకున్నాను, గేటు దగ్గరికి ఇరవై దాకా వచ్చాయి. కంప్యూటర్ ఒకటో నంబరు తర్వాత పదో నంబరును పిలిచింది, ఆపైన పదకొండు, పన్నెండు... రెండో నంబరు డ్రైవర్ జాకీ రాడ్ పట్టుకుని దిగాడు. నేను టేబుల్ వెనక్కి జరిగాను. తాత మాత్రం నల్లబల్ల వైపు వేలు చూపించి, "ఏంది లొల్లి? గిదే సీరియల్, నడువుండ్రి" అన్నాడు. గొడవ అక్కడితో చల్లారింది. నేను మళ్లీ కొత్తగూడెం పరుగెత్తి తప్పంతా పూసగుచ్చినట్టు రాశాను. మర్నాటికల్లా జవాబు: నంబర్లను అంకెలుగా కాక అక్షరాలుగా పోల్చుతున్నావు, ఫలానా చోట మార్చు. చివర్లో ఇంకో మాట: ఇంతకీ మీ లారీల్లో ఏం తీసుకెళ్తారు?

"ఏం తీసుకుంటడట?" అన్నాడు మామ.

"ఏం వద్దట."

"మరెందుకు చెప్పిండు?" మామకు అనుమానం తీరలేదు.

"గిదేం ముచ్చట సాబ్?" అన్నాడు తాత. "అడివిల బండి ఆగితే ఎనక నాలుగు కొమ్మలేసి కూసుంటం. ఎనక వచ్చేటోడు సూసి ఆగుతడు, దిగి పానా పడ్తడు. నీ పేరేంది, ఊరేంది అని అడుగుతడా? పిలగాడు కొమ్మలేసిండు. ఎవరో ఆగిండు. గంతే."

నేను అంతసేపు ఇంగ్లీషు మాటలు కలిపి మామకు ఎక్కించలేకపోయినది ఆయన కొమ్మలతో ఎక్కించేశాడు. మామ ఆ తర్వాత మిరపతోట ప్రస్తావన తేలేదు. ప్రోగ్రాం నిలబడింది, నా కొలువు నిలబడింది. తాత బోర్డు రాస్తూనే ఉన్నాడు, నడవగలిగినంత వరకూ.

ఆయన పోయిన చాలా రోజులకు, సంఘం ఆఫీసు మారుతుంటే బీరువాలో ఆ జామీను ఫారం దొరికింది. డ్రైవర్ల కోసం అచ్చు వేసిందే. 'ఎవరి తరఫున' అన్నచోట ఆ భాష పేరు ఉంటుందనుకున్నాను. వంకర అక్షరాలతో నా పేరు ఉంది. 'సంబంధం' అన్నచోట 'మనవడు' అని రాశాడు. నీకు ఇక రెస్టే అని చెప్పిన ఆ మిడిసిపాటు కుర్రాడికి ఎవరూ అడక్కుండా పూచీ పడ్డాడు. ఇంటికొచ్చి, తొడుగులోంచి సర్టిఫికెట్ తీసేసి, ఆ ఫారం పెట్టాను.